బిందెలో నీళ్లు, ట్యాబ్‌లో పేజీ

బావి ఊరి చివర ఉంది. దాహం వేసినప్పుడల్లా బావి దాకా పోతామా? పోము. పొద్దున్నే బిందె నింపి ఇంట్లో పెట్టుకుంటాం. దాహం వేస్తే గ్లాసు ముంచుకుని తాగుతాం.

నెట్ కూడా బావి లాంటిదే. మనం ట్యాబ్‌లో చూసే పేజీ ఆ బావిలో నీళ్లు. సిగ్నల్ ఉంటే పేజీ వస్తుంది. సిగ్నల్ లేకపోతే రాదు. కాని ఒక్కసారి తెచ్చుకున్న పేజీని ట్యాబ్‌లోనే నిల్వ చేసుకోవచ్చు. ఆ తర్వాత సిగ్నల్ లేకపోయినా చదువుకోవచ్చు. రీచార్జి అయిపోయినా చదువుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

చూసిన పేజీ ట్యాబ్‌లో దానంతట అదే ఉండిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండిపోతుందని నమ్మడానికి లేదు. బావిలోకి తొంగి చూస్తే బిందె నిండుతుందా? మనం నింపితేనే నిండుతుంది.

ఉప్పు ఎంత? పంచదార ఎంత?

ఒక కొండ ఊరు అనుకోండి. పాడేరు మన్యంలోనో, నల్లమల అడవిలోనో ఉందనుకోండి. అలాంటి చోట్ల సిగ్నల్ సరిగా అందని ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కింద సంత జరిగే ఊళ్లో సిగ్నల్ ఉంది. పైన ఇళ్ల దగ్గర లేదు.

ఆ ఊళ్లో ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు. ఇద్దరూ రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. పెద్ద కోడలు పొదుపు సంఘం లెక్కలు రాస్తుంది. సంఘం ట్యాబ్ ఆమె దగ్గరే ఉంటుంది. చిన్న కోడలి దగ్గర కొడుకు చదువు కోసం కొన్న ట్యాబ్ ఉంది.

సంత రోజున ఇద్దరూ ఒక పేజీ చూశారు. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఏం చెయ్యాలో అందులో ఉంది. పనికొచ్చే పేజీ. ఇంటికి తీసుకుపోవాలి అనుకున్నారు.

చిన్న కోడలు మూడు చుక్కలు నొక్కింది. అందులో "హోం స్క్రీన్‌కు జోడించు" అని ఉంది. దాన్ని నొక్కింది. ట్యాబ్ ముందు తెర మీద చిన్న బొమ్మ వచ్చింది. పేజీ వచ్చేసింది అనుకుంది. పెద్ద కోడలు కింది వైపు చూసే బాణం గుర్తు నొక్కింది.

నాలుగు రోజులు గడిచాయి. ఒక రాత్రి చిన్న కోడలి రెండేళ్ల పిల్లవాడికి విరేచనాలు మొదలయ్యాయి. ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్టు లేదు.

"నీళ్లు పొయ్యొద్దే! పోసిన కొద్దీ పోతాయి" అంది అత్త.

"కాదత్తా. నీళ్లే పట్టాలని పేజీలో ఉంది. ఉప్పు, పంచదార కలిపి పట్టాలి" అంది చిన్న కోడలు.

"ఎంత ఉప్పు?"

ఆమె ట్యాబ్ తీసింది. ముందు తెర మీది బొమ్మ నొక్కింది. పేజీ రాలేదు. ఇంటర్నెట్ లేదు అని వచ్చింది. దాని పక్కన చిన్న రాకాసి బల్లి బొమ్మ. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే బల్లి.

"ఆరు అని ఉంది అక్కా. అర అని కూడా ఉంది. ఏది ఆరు, ఏది అర? ఉప్పు ఆరు చెంచాలా?" ఆమెకు చేతులు వణుకుతున్నాయి.

"ఉండు చెల్లీ. తొందరపడి కలపకు" అంది పెద్ద కోడలు. సంఘం ట్యాబ్ తెచ్చింది. క్రోమ్ తెరిచింది. మూడు చుక్కలు నొక్కింది. "డౌన్‌లోడ్‌లు" అన్న మాట వెతికి నొక్కింది. పేజీ పేరు కనిపించింది. నొక్కింది. తెరుచుకుంది.

దీపం దగ్గర కూర్చుని కూడబలుక్కుంటూ చదివింది. "శుభ్రమైన నీళ్లు 1 లీటరు. పంచదార 6 చెంచాలు. ఉప్పు అర చెంచా. టీ చెంచాతో కొలవాలి. గోపురంగా పొయ్యకూడదు. సమంగా ఉండాలి."

తారుమారు అయి ఉంటే? ఉప్పు ఎక్కువైన నీళ్లు పసిబిడ్డకు ప్రమాదం. ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి చోట సగం సగం గుర్తు పనికిరాదు. అక్షరం కళ్ల ముందు ఉండాలి.

ఆమె ఇంకా చదివింది. విరేచనం అయిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పట్టాలి. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు మానకూడదు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. బిడ్డ కళ్లు లోపలికి పోయినా, మగతగా పడి ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చెయ్యకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అత్త ఇంకేమీ అనలేదు. కాచి చల్లార్చిన నీళ్లు తానే తెచ్చి ఇచ్చింది. తెల్లవారే దాకా ముగ్గురూ చెంచాతో పడుతూ కూర్చున్నారు. పిల్లవాడు తాగగలిగాడు. పొద్దున్నే ఆశా కార్యకర్త దగ్గరకు తీసుకుపోయారు. ఆమె ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఇచ్చింది. ప్యాకెట్టు దొరికితే ప్యాకెట్టే మేలు. కొలత తప్పే భయం తక్కువ. జింక్ మాత్రలు మాత్రం విరేచనాలు తగ్గాక కూడా 14 రోజులూ వెయ్యాలని చెప్పింది.

బొమ్మ వేరు, పేజీ వేరు

ఆ మధ్యాహ్నం చిన్న కోడలు అడిగింది. "నాకూ బొమ్మ వచ్చింది కదా అక్కా. ఎందుకు తెరుచుకోలేదు?"

"నీ బొమ్మ బావికి పోయే దారి. నా దగ్గర ఉన్నది బిందె" అంది పెద్ద కోడలు.

సరిగ్గా అంతే. ముందు తెర మీద పెట్టుకున్న బొమ్మ పేజీ చిరునామాను మాత్రమే గుర్తు పెట్టుకుంటుంది. నొక్కగానే నెట్‌కు పోతుంది. నెట్ లేకపోతే ఉత్త చేతులతో తిరిగి వస్తుంది. నక్షత్రం గుర్తు కూడా అంతే. అది కూడా చిరునామాయే. కింది వైపు బాణం గుర్తు నొక్కితేనే పేజీ ట్యాబ్ లోపలికి దిగుతుంది. దీన్నే డౌన్‌లోడ్ అంటారు.

బిందె నింపడం

సిగ్నల్ ఉన్నచోట క్రోమ్‌లో పేజీ తెరవండి. పేజీ మొత్తం వచ్చే దాకా ఆగండి. చివరి దాకా ఒకసారి జరిపి చూడండి. కొన్ని పేజీలలో బొమ్మలు మనం కిందికి జరిపితేనే వస్తాయి. అవి రాకముందే నింపితే బిందె సగమే నిండుతుంది.

ఇప్పుడు బాణం గుర్తు వెతకండి. బాణం కిందికి చూస్తూ ఉంటుంది. దాని కింద ఒక గీత ఉంటుంది. కొన్ని ట్యాబ్‌లలో ఈ గుర్తు పైన, పేజీ చిరునామా ఉండే గడిలోనే ఉంటుంది. అక్కడ లేకపోతే కుడి వైపు పైన మూడు చుక్కలు నొక్కండి. బాణం అక్కడ దొరుకుతుంది. ఒక్కసారి నొక్కితే చాలు. పేజీ దిగింది అని ట్యాబ్ చెబుతుంది.

ఈ పేజీలో బొమ్మలు, అక్షరాలు అన్నీ కలిసి ఒకే మూటగా ఉంటాయి. కాని వీడియో ఉంటే అది రాదు. పేజీలో నీలం రంగు మాటలు ఉంటాయి. అవి నొక్కితే వేరే పేజీకి పోతాం. ఆ వేరే పేజీ ఈ మూటలో ఉండదు. అది కూడా కావాలంటే దాన్ని కూడా తెరిచి విడిగా దింపుకోవాలి.

ఇంకో దారి కూడా ఉంది. మూడు చుక్కలలో "షేర్" నొక్కి, తర్వాత "ప్రింట్" నొక్కాలి. ప్రింటరు పేరు ఉండే చోట "పీడీఎఫ్‌గా సేవ్ చేయి" అని ఎంచుకోవాలి. అప్పుడు పేజీ కాగితం లాగా మారుతుంది. పీడీఎఫ్‌ను ఏ ఫోనులో అయినా చూడవచ్చు. జిరాక్సు షాపులో ఇస్తే కాగితం మీద తీసి ఇస్తారు. పక్క ఊరి సంఘానికి పంపాలంటే ఇదే సుళువు.

నమ్మే ముందు పరీక్ష

నింపిన బిందెకు చిల్లు ఉందో లేదో ఇంటికి వచ్చాక చూస్తే ఏం లాభం? బావి దగ్గరే చూడాలి.

ట్యాబ్‌లో విమానం గుర్తు ఉంటుంది. పై నుంచి కిందికి వేలితో జరిపితే కనిపిస్తుంది. అది నొక్కితే సిగ్నల్ ఆగిపోతుంది. వైఫై గుర్తు ఇంకా వెలుగుతూ ఉంటే దాన్ని కూడా ఆర్పండి. ఇప్పుడు ట్యాబ్‌కు నెట్ లేదు. క్రోమ్‌లో మూడు చుక్కలు, తర్వాత "డౌన్‌లోడ్‌లు", తర్వాత పేజీ పేరు. తెరుచుకుందా? చివరి దాకా చదవడానికి వస్తోందా? బొమ్మలు ఉన్నాయా? అన్నీ ఉంటే ఇక ఇంటికి పోవచ్చు. విమానం గుర్తు మళ్లీ నొక్కితే సిగ్నల్ తిరిగి వస్తుంది.

ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. చిన్న కోడలు సంతలోనే ఈ పరీక్ష చేసి ఉంటే ఆ రాత్రి బల్లి బొమ్మ చూసేది కాదు.

పేరు పెట్టుకోవడం

పేజీలు రెండు మూడు ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. ఇరవై అయితే వెతుక్కోవాలి. కొన్ని పేజీల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ఏది ఏమిటో తెలియదు. పప్పు డబ్బా, ఉప్పు డబ్బా ఒకేలా ఉంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

ట్యాబ్‌లో "ఫైల్స్" అని ఒక యాప్ ఉంటుంది. అది ట్యాబ్‌కు ట్రంకు పెట్టె లాంటిది. దాన్ని తెరిస్తే "డౌన్‌లోడ్‌లు" అనే అర కనిపిస్తుంది. మనం దింపిన పేజీ అందులో ఉంటుంది. పేజీ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కితే "పేరు మార్చు" అని వస్తుంది. మనకు తెలిసే తెలుగు పేరు పెట్టుకోవచ్చు. "బిడ్డ విరేచనాలు" అని పెట్టుకోవచ్చు. "మేకల టీకాలు" అని పెట్టుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త ఉంది. పేరు చివర ఒక చుక్క, ఆ తర్వాత కొన్ని ఇంగ్లీషు అక్షరాలు ఉండవచ్చు. దాన్ని తోక అనుకోండి. ఆ తోక తుడవకూడదు. తోకను బట్టే అది ఎలాంటి ఫైలో ట్యాబ్ గుర్తు పడుతుంది. తోక పోతే తెరవడం ఎలాగో దానికి తెలియదు. తోకకు ముందున్న పేరు మాత్రమే మార్చండి.

పేరు మార్చిన పేజీని ఆ తర్వాత ఫైల్స్ లోంచే తెరవండి. క్రోమ్ జాబితాలో పాత పేరే ఉండిపోయి, నొక్కితే తెరుచుకోకపోవచ్చు. పేజీ పోయిందని కంగారు పడకండి. ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంటుంది.

ఫైల్స్ లోంచి తెరిచేటప్పుడు ట్యాబ్ ఒక్కోసారి అడుగుతుంది, దేనితో తెరవాలి అని. క్రోమ్ అని నొక్కండి. "ఈసారికే", "ఎప్పుడూ" అన్న అర్థం వచ్చే రెండు మాటలు కింద ఉంటాయి. ముందు ఈసారికే అని చూడండి. పేజీ బాగా కనిపిస్తే రెండోసారి ఎప్పుడూ అని నొక్కండి. ఇక మళ్లీ అడగదు.

ఇతరులు ఇచ్చిన పేజీ

పేజీని మనమే దింపుకోవాలని లేదు. తెలిసినవాళ్లు ఇవ్వవచ్చు. బ్లూటూత్ ద్వారా ఇవ్వవచ్చు. క్విక్ షేర్ ద్వారా ఇవ్వవచ్చు. ట్యాబ్‌లు రెండూ దగ్గర దగ్గరగా ఉంటే చాలు. వీటికి నెట్ అక్కర్లేదు. చీర కొంగులో పసుపు కుంకుమ పెట్టినట్టు ఒకరి ట్యాబ్ నుంచి ఇంకొకరి ట్యాబ్‌కు పేజీ చేరుతుంది. మెమరీ కార్డులో పెట్టి కూడా ఇస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కంప్యూటరులో దింపిన పేజీ ఒక్కోసారి రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్కలో అక్షరాలు ఉంటాయి. ఇంకో ముక్కలో బొమ్మలు ఉంటాయి. ఆ బొమ్మల ముక్క ఒక ఫోల్డరు, అంటే సంచి లాంటిది. కంప్యూటరులో రెండూ కలిసి బాగానే కనిపిస్తాయి. ట్యాబ్‌లో ఫైల్స్ లోంచి తెరిస్తే చాలాసార్లు అక్షరాలే వస్తాయి. బొమ్మలు ఉండాల్సిన చోట ఖాళీ గడులు ఉంటాయి. ట్యాబ్ పాడైందని కాదు. మనం నొక్కిన ఒక్క ఫైలునే చూడడానికి క్రోమ్‌కు అనుమతి ఉంటుంది. పక్కనున్న సంచిలో అది చెయ్యి పెట్టలేదు.

అందుకే పేజీ ఇచ్చేవాళ్లను ముందే అడగండి. "ఒకే ఫైలుగా ఇవ్వు బాబూ" అనండి. కంప్యూటరులో క్రోమ్ వాడేవాళ్లు పేజీని సేవ్ చేసేటప్పుడు "సింగిల్ ఫైల్" అని ఎంచుకోవచ్చు. అప్పుడు అన్నీ ఒకే మూటలో వస్తాయి. ఆ మూట తోకను ఎంహెచ్‌టీఎంఎల్ అంటారు. అది వద్దంటే పీడీఎఫ్ చేసి ఇమ్మనండి. చదువుకున్న పిల్లలకు ఈ మాట చెబితే అర్థం చేసుకుంటారు. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నా అడగండి.

ఒక్కో పేజీ కాదు, పుస్తకం మొత్తం కావాలంటే కివిక్స్ అనే యాప్ ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. దాన్ని ఒకే పెద్ద ఫైలుగా దింపుకుని కివిక్స్‌లో నెట్ లేకుండా చదవవచ్చు. ఇందులో నీలం మాట నొక్కినా ఆ పేజీ వస్తుంది, ఎందుకంటే అది కూడా అదే మూటలో ఉంది. ఫైలు పెద్దది కాబట్టి వైఫై ఉన్న చోట దింపుకోవడం మంచిది.

నిలవ నీళ్లు

బిందెలో నీళ్లు నిలవ ఉంటే మార్చుకుంటాం. పేజీకి కూడా అంతే. దింపిన రోజు ఏముందో అదే ఉంటుంది. తర్వాత మారినా మన దగ్గర మారదు.

ఓఆర్ఎస్ కొలత రోజు రోజుకూ మారేది కాదు. పాము కాటేస్తే ఏం చెయ్యాలి, గర్భిణీకి ఏ గుర్తులు ప్రమాదం, ఇలాంటి పేజీలు దింపి పెట్టుకోవాల్సిందే. ఏడాదికి ఒకసారి కొత్తది దింపుకుంటే చాలు. టమాటా ధర సంగతి వేరు. పోయిన నెల ధర చూసి ఈ రోజు బేరం చేస్తే మోసపోతాం. అలాంటి పేజీని నిల్వ చెయ్యడం దండగ.

భూమి కాగితాల పేజీ మధ్యరకం. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో భూభారతి పేజీలు ఉన్నాయి. తెలంగాణలో 2025కు ముందు ధరణి ఉండేది. ఈ పేజీలను పీడీఎఫ్ చేసి ఉంచుకుంటే మంచిదే. మన పేరు, సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, ఎన్ని గుంటలు అన్నీ తీరికగా చదువుకోవచ్చు. తప్పు ఉంటే తెలుస్తుంది. కాని అది దింపిన రోజు సంగతి. అందుకే ఫైలు పేరులో తేదీ కూడా రాయండి.

ఎవరెవరు తెరుస్తారు?

సంఘం ట్యాబ్ పది చేతులు మారుతుంది. అందులో ఆధార్, బ్యాంకు లెక్క, భూమి పేజీ ఉంచితే అందరూ చూడవచ్చు. అలాంటివి సొంత ఫోనులో ఉంచుకోండి.

ట్యాబ్‌లో జాగా చాలనప్పుడు పాత ఫైళ్లు తుడవమంటారా అని అడుగుతుంది. గబుక్కున అవును అనకండి. ముందు పేర్లు చదవండి. ఆ జాబితాలో మీ పేజీలు కూడా ఉండవచ్చు. ఒక పాత వీడియో తుడిస్తే చాలా పేజీలకు జాగా వస్తుంది.

వాట్సాప్‌లో వచ్చే ఫైళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. తోక చూడండి. తోకలో ఏపీకే అని ఉంటే అది పేజీ కాదు. ట్యాబ్ లోపలికి దూరే యాప్. పీఎం కిసాన్ డబ్బులు అంటారు. చలానా అంటారు. పెళ్లి శుభలేఖ అని కూడా పంపుతారు. నొక్కి లోపలికి రానిస్తే బ్యాంకు డబ్బు పోవచ్చు. డబ్బు పోతే దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చెయ్యండి. అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు.

చేసి చూడండి

ఈ వారం సంతకు పోయినప్పుడు మీకు పనికొచ్చే ఒక పేజీ ఎంచుకోండి. బాణం గుర్తుతో దింపండి. అక్కడే విమానం గుర్తు నొక్కి తెరిచి చూడండి.

ఇంటికి వచ్చాక దానికి తెలుగు పేరు పెట్టండి. తోక ఉందో లేదో చూడండి.

ఆ పేజీలో మొదటి నాలుగు వాక్యాలు మీ ఇంట్లో చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.

చిన్న కోడలి ట్యాబ్‌లో బొమ్మ ఉంది. పేజీ ఎందుకు రాలేదు? మీ మాటల్లో చెప్పండి.

మీ ట్యాబ్ ముందు తెర మీద ఎన్ని బొమ్మలు ఉన్నాయి? వాటిలో నెట్ లేకుండా తెరుచుకునేవి ఎన్ని? నొక్కి చూసి లెక్క రాయండి.